శనివారం దాకా ఒక్కపొద్దు

ఆ రోజుల్లో నేను ఒక్కణ్ణే ఉండే చోటు ఇంట్లో స్నానాలగది ఒక్కటే. మిగతా సమయమంతా నా పక్కన ఇంకో మనిషి ఉండేవాడు. అయినా అంత ఒంటరితనం నేను అంతకుముందు ఎరగను, ఆ తర్వాతా ఎరగను. ఇదెలా కుదురుతుందని మీరు అడగవచ్చు. మాది మోర్మన్ల చర్చి, అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ. కాకినాడ వైపు సముద్రం పక్కన ఓ చిన్న ఊళ్ళో నాకు పదేళ్ళప్పుడు మా అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని అందులోకి తీసుకెళ్ళింది. మా దాంట్లో కుర్రాళ్ళు పంతొమ్మిదో ఇరవయ్యో వచ్చాక రెండేళ్ళపాటు ఇల్లూ చదువూ పక్కనపెట్టి, పంపిన చోటికి వెళ్ళి, గడప గడపకీ తిరిగి దేవుడి మాట చెబుతారు. తెల్లచొక్కా, నల్లప్యాంటు, టై, జేబు మీద పేరు రాసిన నల్లబిళ్ళ. ఎప్పుడూ ఇద్దరిద్దరుగా ఉండాలి, ఒకరి కళ్ళకి ఒకరు ఆనాలి. టీ, కాఫీ ముట్టకూడదు. ఇంటికి ఫోను వారానికోసారి, సోమవారం. మమ్మల్ని ‘ఎల్డర్’ అని పిలుస్తారు, అంటే పెద్దవాడని. (నా మీసం అప్పటికి ఒకవైపే వచ్చింది. రెండోవైపు నేనే ఊహించుకునేవాణ్ణి.)

నన్ను పంపింది మేడ్చల్‌కి. అమెరికా వాళ్ళు బ్రెజిల్ వెళతారు, బ్రెజిల్ వాళ్ళు జపాన్ వెళతారు, నేను మటుకు బస్సెక్కి తెలుగు మాట్లాడే ఊరికే వచ్చాను. పరాయి దేశం కాదు గదా అని ధీమాగా దిగాను. దిగిన గంటకే కిరాణా కొట్టాయనతో “కొంచెం ఉప్పు ఇప్పిస్తారాండీ” అన్నాను, ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూసి, “ఆంధ్రనా?” అన్నాడు. కోపంగా అనలేదు పాపం, ఉప్పు కూడా కొసరు వేసే ఇచ్చాడు. కానీ ఆ రోజు నుంచి ఎక్కడ నోరు విప్పినా నా ‘అండీ’ నాకంటే ముందు వెళ్ళి కూర్చునేది. పైగా మా వేషం. ఆ పక్కంతా పొలాలన్నీ ప్లాట్లవుతున్న కాలం. తెల్లచొక్కా టైతో ఇద్దరు తలుపు కొడితే జనానికి తట్టేది ఒక్కటే. “గజం ఎంత? రోడ్డు ఎంత ఎడల్పు?” అని అడిగేవారు. ప్లాట్లు కాదండీ, దేవుడి గురించి అంటే మొహం చిన్నబుచ్చుకునేవారు. కొందరు మందుల కంపెనీ వాళ్ళమనుకున్నారు. దూలపల్లిలో ఒకాయన మమ్మల్ని చూడగానే వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు, ఏ ఫైనాన్సు వాళ్ళమనుకున్నాడో మరి.

నేను చెప్పాలనుకున్న వారం వేసవిలో వచ్చింది. అప్పటికి నాకు ఇరవై ఒక్కేళ్ళు, కొత్తగా సీనియర్‌ని చేశారు. అంటే నా పక్కన ఉండే కొత్తవాడికి పని నేర్పడం నా బాధ్యత. ఆ కొత్తవాడు అమెరికాలో ఆలుగడ్డలు పండించే ఏదో పల్లెటూరి వాడు, పంతొమ్మిదేళ్ళు, మా ఇంటి గుమ్మం కంటే జానెడు పొడుగు. నేను మనసులో పొడుగోడు అని పిలుచుకునేవాణ్ణి. శిక్షణలో తెలుగు నేర్పి పంపారు, ఆ తెలుగు ఎలా ఉండేదంటే, ఆటో డ్రైవరుతో “అయ్యా, మీరు క్షేమముగా నున్నారా? మేము బస్సు నిలయమునకు వెళ్ళగోరుచున్నాము” అనేవాడు. డ్రైవరు నా వైపు తిరిగి “ఏమంటుండు?” అని అడిగేవాడు. నేను చెబితే నన్ను “ఆంధ్రనా?” అని అడిగేవాడు. ఇలా మా ఇద్దర్లో ఎవరికీ భాష రానట్టే రోజులు గడిచేవి. వాడు వచ్చి మూడు వారాలైనా మేమిద్దరం పని మాటలు తప్ప వేరే మాట్లాడుకోలేదు. నాకు ఇంగ్లీషు రాక కాదు. సీనియర్ అంటే గంభీరంగా ఉండాలని నేనే అనుకున్నాను.

సోమవారం పొడుగోడు ఇంటికి ఫోను చేశాడు. వాళ్ళమ్మతో మాట్లాడినంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. పెట్టేశాక గోడ వైపు తిరిగి, “నేను ఇంటికి వెళ్ళిపోతాను. శనివారం పొద్దున మన పెద్దాయనకి ఫోన్ చేసి టికెట్ అడుగుతాను. ఇవాళే మెసేజ్ పెట్టాను,” అని ఇంగ్లీషులో చెప్పాడు. పెద్దాయన అంటే వేరే ఊళ్ళో ఉండి మా అందర్నీ చూసుకునే ఆయన. నేను “ఎందుకు?” అని అడగాలి కదా. ఏ మనిషైనా అదే అడుగుతాడు. నేను అన్నది, “సరే, ఇప్పుడు బట్టలు ఉతకాలి” అని. ఉతుకుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. సీనియర్‌గా నాకు ఇచ్చిన మొదటి మనిషి మూడు వారాలకే పారిపోతే నా పరువేం కాను? నేను మొదట ఆలోచించింది అదే, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను. రెండోది చొక్కాలు ఆరేస్తుంటే తట్టింది. ఆ తీగ మీద వాడి చొక్కాలు లేకుండా నావి మాత్రమే వేలాడుతుంటే ఎలా ఉంటుందా అని. ఆ ఆలోచన నాకు నచ్చలేదు, వెంటనే మానేశాను.

ఏం చెయ్యాలి మరి? మాట్లాడటం నాకు చేతకాదు, కనక నాకు చేతనైంది చేశాను. మా చర్చిలో ఏదైనా గట్టిగా కోరుకున్నప్పుడు ఉపవాసం ఉంటారు. మామూలుగా నెలకో ఆదివారం, రెండు పూటలు. నాది పెద్ద కోరిక కాబట్టి లెక్క పెంచాను. మంగళవారం నుంచి శనివారం దాకా పగలు తిండి లేదు, నీళ్ళు లేవు, సూర్యుడు దిగాక ఒక్కపూట భోజనం. అంత చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. పైగా ఉపవాసం సంగతి పక్కవాడికి చాటుకోకూడదని చిన్నప్పటి నుంచి నేర్పారు, అది నేను మహా నిష్ఠగా పాటించాను. వాడి కోసం ఉపవాసం, వాడికి తెలియకుండా. కానీ ఒకరి కళ్ళకి ఒకరు ఆనాలన్న నియమం ఉన్నచోట తిండి మానేసి దాచడం ఎంత కష్టమో మీరు ఆలోచించండి. మంగళవారం కడుపు బాగాలేదన్నాను. బుధవారం నువ్వు స్నానం చేస్తున్నప్పుడే తినేశానన్నాను. అబద్ధం ఆడకూడదని ఊరంతా తిరిగి చెప్పే మనిషిని, వరసగా రెండు రోజులు అబద్ధమాడి, అది దేవుడి ఖాతాలోనే వేశాను.

ఆ బుధవారం ఇంకోటి జరిగింది. మేము అద్దెకున్న ఇంటి ఓనరన్న మెట్లెక్కి పైకి వచ్చాడు. ఆయనకి షామీర్‌పేట దారిలో తాతలనాటి పొలం ఉంటే దాన్ని ప్లాట్లు చేశాడు. మంచి మనిషే, కరెంటు పోతే మా గురించే ముందు అడిగేవాడు. నా భుజం మీద చెయ్యేసి, “తమ్మి, గీ ఐతారం మా వెంచర్ ఓపెనింగ్. గీ తెల్ల పిలగాన్ని తోల్కరా. గంటసేపు ముంగట కుర్చీల కూసుంటె సాలు, ఏం మాట్లాడద్దు. ఫారిన్‌ల నుంచి గూడ కొంటుండ్రని జనం అనుకుంటరు. మటన్ బిర్యానీ పెట్టిస్త” అన్నాడు. ఆదివారం మాకు మచ్చబొల్లారంలో ప్రార్థన ఉంటుంది, కుదరదని బతిమాలి పంపేశాను. ఏమన్నాడని పొడుగోడు అడిగితే చెప్పాను, వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. “ఇక్కడ నన్ను చూడాలని అందరికీ ఉంది. నాతో మాట్లాడాలని ఎవరికీ లేదు,” అన్నాడు. ఆ అందర్లో నేనూ ఉన్నానని నాకు తట్టనే లేదు. పాపం, జనం అలాగే ఉంటారు అన్నట్టు తల ఊపాను.

గురువారం పొడుగోడు వంట చేశాడు. అదివరకెప్పుడూ చెయ్యలేదు, వంట నాదే. పొద్దున్నే లేచి ఆలుగడ్డలు ఉడకబెట్టి, వెన్నేసి మెదిపి, మిరియాలు చల్లి, రెండు పళ్ళేల్లో పెట్టి నా ముందుకి ఒకటి తోశాడు. వాళ్ళింటి వంట అట. ఆ వాసనకి నా కడుపు పైకి లేచి కూర్చుంది. “మెట్ల మీద గాలి బాగుంది, అక్కడ తింటాను,” అని పళ్ళెం తీసుకుని బయటికొచ్చాను. మెట్ల కింద ఓనరన్న వాళ్ళ కుక్క ఉంది. దాని ముందు పళ్ళెం వంచాను. అది రెండు నిమిషాల్లో అంతా నాకేసి, నా వైపు భక్తిగా చూసింది. (ఆ రెండేళ్ళలో నన్ను పూర్తిగా నమ్మిన ప్రాణి అదొక్కటే.) ఖాళీ పళ్ళెంతో లోపలికెళ్ళి “చాలా బాగుంది” అన్నాను. వాడు “థాంక్యూ” అన్నాడు. ఆ రోజంతా ఇంకో మాట మాట్లాడలేదు. ఇంటికి వెళ్ళే ఆలోచనలో ఉన్నాడనుకుని, ఇంకా పట్టుదలగా, సాయంత్రం తినే ఒక్కపూట కూడా సగం చేశాను.

శుక్రవారం షామీర్‌పేట వెళ్ళాం. అక్కడ చెరువు దగ్గర చేపలమ్మే ఒక అవ్వ ఉండేది. కొడుకు చెరువులో వల వేస్తే తను రోడ్డు పక్కన కూర్చుని అమ్ముకునేది. పొడుగోడు వచ్చిన మొదటి వారంలో ఆమె బుట్ట బస్సు మీంచి దించిపెట్టాడు, అప్పట్నుంచి మమ్మల్ని ఇంటికి రానిచ్చేది. మా దేవుడి సంగతి చెబితే ఓపిగ్గా విని, “మంచిగ జెప్పినవ్ బిడ్డా. గని మా ఎల్లమ్మ తల్లి ఒప్పుకోదు,” అని తేల్చేసేది. అయినా వెళ్ళేవాళ్ళం. మమ్మల్ని కూర్చోమనే ఇల్లు ఆ చుట్టుపక్కల అదొక్కటే మరి. నన్ను ఆంధ్ర పిలగాడా అనేది, వాణ్ణి పొడుగు బిడ్డా అనేది. మేము చాయ్ తాగమని తెలిశాక మొదట పరేషానై, ఆ తర్వాత మా కోసం సల్ల చేసి ఉంచేది. సల్ల అంటే మజ్జిగ. ఆ రోజూ రెండు గ్లాసులు తెచ్చి పెట్టింది. నేను దాని వైపు చూడకుండా సహనం గురించి పాఠం మొదలుపెట్టాను. ‘సహనం’ అన్న మాట దాకా బాగా గుర్తుంది. తర్వాత గుర్తున్నది వాళ్ళింటి పైకప్పు రేకులు, నా మొహం మీద నీళ్ళు, నా టై ఊడదీస్తున్న అవ్వ చేతులు. ఆ చేతులు చేపల వాసన, నాకు మా ఊరి వాసన. కళ్ళు మూసుకునే పడి ఉందామనిపించింది.

“లే బిడ్డా, లే. మొకమంత గుంజుకపోయింది. పొద్దుగాల ఏం తిన్నవ్?” అంది అవ్వ. తిన్నానండీ అన్నాను. “అబద్దమాడకు. నీ పెదవులు జూడు ఎట్ల ఎండినయో. ఒక్కపొద్దున్నవా?” అంది. పగలంతా పస్తుండి ఒక్కపూటే తినడాన్ని అక్కడ ఒక్కపొద్దు అంటారు. మూడు వారాలుగా నేను చెప్పిన ఏ పాఠమూ ఎక్కని మనిషికి, నేను ఎవరికీ చెప్పకుండా దాచింది నా మొహం చూడగానే తెలిసిపోయింది. అవునన్నట్టు తలూపాను. “నేను గూడ ఉంట, శనివారం శనివారం. గది సరే. ఎవల కోసం?” అంది. పొడుగోడు నా తల పట్టుకుని కూర్చున్నాడు. నా కళ్ళు వాడి వైపు వెళ్ళాయి కాబోలు, అవ్వ కనిపెట్టేసింది. “గీ పిలగాని కోసమా? ఏమైంది గీనికి?” అంది. ఇంటికెళ్ళిపోతానంటున్నాడండీ, రేపు ఫోను చేస్తాడు అని చెప్పాను. “గీనికి ఎరికేనా నువ్వు పస్తులున్నది?” అంటే, తెలియకూడదండీ, చెబితే ఫలం పోతుంది అన్నాను. అవ్వ నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది.

“నా కొడుకు చిన్నప్పుడు తాగుడు మరిగిండు. గా తాగుడు ఇడువాలె అని పదేండ్లు ఒక్కపొద్దున్న. గని వాడు ఎప్పుడొచ్చినా పక్కపొంటి కూసొని అన్నం పెట్టిన. నేనెందుకు తింటలేనో వానికి జెప్పిన. నువ్వేందిరా, వానికోసం పస్తులుండి వాన్నే ఇడిసిపెడితివి? గిదేం ఒక్కపొద్దు!” అంది. తర్వాత గొంతు తగ్గించి, “జెప్పు వానికి,” అంది.

నేను లేచి కూర్చుని, చొక్కా సర్దుకుని, పొడుగోడితో ఇంగ్లీషులో సంగతంతా చెప్పాను. మంగళవారం నుంచీ చేస్తున్నానని, నువ్వు ఉండిపోవాలనే చేశానని. వాడి చెవులు ఎర్రబడ్డాయి. “నిన్న నేను వండింది కుక్కకి పెట్టావు. కిటికీలోంచి చూశాను,” అన్నాడు. నాకు మళ్ళీ కళ్ళు తిరిగాయి. “నాతో కూర్చుని తినడం నీకు ఇష్టం లేదనుకున్నాను. మూడు వారాలు మాట్లాడలేదు, తర్వాత తినడం కూడా మానేశావు. సోమవారం వెళ్ళాలా వద్దా అని సగం సగంగా ఉన్నాను. నిన్న ఆ కుక్కని చూశాక ఇంక వెళ్ళిపోవడమే అనుకున్నాను.” నేను దేవుణ్ణి నాలుగు రోజులు కడుపు మాడ్చుకుని వేడుకున్నది ఏమిటి, వాణ్ణి బలంగా గుమ్మం బయటికి తోసింది ఎవరు? ఆ తెలివికి నవ్వొచ్చే పరిస్థితి కాదు గానీ అవ్వకి తెలుగులో చెబితే ఆమె మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. కుక్కకా, ఆలుగడ్డలా అని రెండుసార్లు అడిగింది.

పొడుగోడు నవ్వలేదు. “నేనుండాలని ఎందుకు? పెద్దాయనకి నువ్వు పంపే రిపోర్టు కోసమా?” అని అడిగాడు. అబద్ధాలు ఆ వారానికి సరిపడా ఆడేశాను, ఇంక ఓపిక లేదు. “మొదట అందుకే. ఇప్పుడు కాదు,” అన్నాను. తర్వాత ఏం చెప్పాలో తెలియక, ఎండలు ఇంకో నెలలో తగ్గుతాయి, వానాకాలం ఇక్కడ బాగుంటుంది అని ఏదో వాతావరణం మొదలుపెట్టాను. ఇంగ్లీషు రాకపోయినా అవ్వకి నా వరస అర్థమైంది. “గదేనా జెప్పుడు? పోకు అను. రెండక్షరాలు నోట్లకెల్లి ఎల్తలెవ్వా?” అని గదిమింది. “పోకు,” అన్నాను. తెలుగులోనే అన్నాను. ఇంగ్లీషులో అయితే అనలేకపోయేవాణ్ణేమో. “నువ్వెళ్ళిపోతే ఈ ఊళ్ళో నాకెవరూ లేరు,” అని కూడా అన్నాను. అది నా నోట్లోంచి వస్తుందని నాకే తెలియదు. వాడు ఉంటాననలేదు, వెళతాననలేదు. అవ్వ మాత్రం మా ఇద్దరి మధ్యా ఒకే కంచం పెట్టి, జొన్నరవ్వతో వండిన గట్క, చేపల పులుసు వడ్డించి, “ఇగ తినుర్రి. మస్తుగ ఏడ్వచ్చు మల్ల,” అంది. తిన్నాం. ముల్లు ఎలా తీయాలో వాడికి నేను చూపించాను. మూడు వారాల్లో నేను వాడికి సరిగ్గా నేర్పిన పని అదొక్కటే.

శనివారం పొద్దున ఫోను పట్టుకుని వాడు గదిలో కూర్చున్నాడు. మా ఇద్దరికీ కలిపి ఒకటే ఫోను. నేను తలుపు తీసే ఉంచి (నియమం!) బయట మెట్ల మీద కూర్చున్నాను. చెవులు మాత్రం లోపలే వదిలేసి వచ్చాను. పొడుగోడు నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. “సర్, సోమవారం పంపిన మెసేజ్ వెనక్కి తీసుకుంటున్నాను. లేదు సర్, బెంగ తగ్గలేదు, అలాగే ఉంది. అయినా ఉంటాను.” నేను బతికాననుకుని, సీనియర్ గాంభీర్యం తిరిగి తెచ్చుకుంటున్నాను. వాడి మాట ఇంకా అయిపోలేదు. “ఒక్క విషయం సర్. మా సీనియర్‌ని ఒంటరిగా వదిలేస్తే మంచిది కాదు. ఆయనకి ఇంటి మీద చాలా బెంగగా ఉంది. నాకంటే ఎక్కువ. ఆ సంగతి ఆయనకి తెలీదు.”

నాకు ఎంత రోషం వచ్చిందో చెప్పలేను. నాకు బెంగేంటి? ఎనిమిది నెలలు గడిపినవాణ్ణి, సీనియర్‌ని, తెలుగువాణ్ణి! వాడికి పని నేర్పమని నన్ను పెడితే, నన్ను చూసుకోవడానికి వాడు ఉండిపోతాడా? అలా మనసులో వాణ్ణి తిట్టుకుంటూ తిట్టుకుంటూ మోకాళ్ళ మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చాను. ఎనిమిది నెలల ఏడుపు, ఒక్కసారిగా రావడానికి చాలా ఇబ్బంది పడింది. పొడుగోడు ఫోను పెట్టేసి వచ్చి నా పక్కన మెట్టు మీద ఇరుక్కుని కూర్చున్నాడు. ఏమైందని అడిగాడు. ఎండ అన్నాను. మేము కూర్చున్న మెట్లకి మధ్యాహ్నం దాకా నీడే. వాడు పైకి ఆకాశం వైపు చూసి, తన పుస్తకాల తెలుగులో, “అవును, ఎండ మిక్కుటముగా నున్నది,” అన్నాడు.

మరో నెలన్నరకి మా జతల్ని మార్చేశారు, వాడు వేరే ఊరు వెళ్ళాడు. నేను మాత్రం ఆ రెండేళ్ళూ అయ్యాక ఇటే వచ్చి జీడిమెట్లలో ఉద్యోగం చూసుకుని స్థిరపడ్డాను. నా ‘అండీ’ చాలావరకు అరిగిపోయింది. ముప్పై దాటిన ఈ వయసులో, ఆఫీసులో ఎవరైనా కొత్త కుర్రాడు అన్నం ముట్టకుండా, కడుపు బాగాలేదన్నా అని డబ్బా మూసేస్తుంటే, నాకు ఆ మెట్ల మీద ఒకవైపు మీసంతో, తడిసిన మొహంతో కూర్చున్న ఆ సీనియరు కనిపిస్తాడు. వాణ్ణి చూసి నవ్వుకుందామనే మొదలుపెడతాను. ఎంత తెలివితక్కువ వెధవ, ఎంత నిష్ఠ, ఎన్ని అబద్ధాలు! నవ్వు సగంలో ఉండగానే వాడి పక్కకెళ్ళి కూర్చోవాలనిపిస్తుంది. ఏమైందని నేనడిగినా వాడు నిజం చెప్పడు, ఎండండీ అంటాడు. నేనూ అవునంటాను, అని ఇంకాస్త దగ్గరగా జరుగుతాను.